లాండ్రీ సందు గుండా నన్ను తీసుకెళ్ళకూడదు

బాడ్ ఎల్లర్‌బ్రున్ స్నానశాలలో ముప్పై ఎనిమిదేళ్ళు తువ్వాళ్ళు అందించి రిటైరైన ఓట్టీలియె రోస్‌కోప్ఫ్ అను నేను, అదే స్నానశాలలో బాయిలర్ కాసిన కీర్తిశేషుడు ఎమ్మెరిష్ భార్యను, ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా తెలివి మీద అనుమానం ఉన్నవాళ్ళు కింద సంతకం చేసిన డాక్టరును అడగవచ్చు. కోపంతో రాసిందని అనేవాళ్ళు ఎవరినీ అడగనక్కర్లేదు. కోపంతోనే రాశాను. ఇంతకుముందు నేను రాసిన కాగితాలేవీ ఇకపై చెల్లవు.

1. పార్కు వీధిలోని నా ఇల్లు, పెరడు, ప్లమ్ చెట్టు సహా, నా తమ్ముడి కొడుకూ ప్రస్తుత స్నానశాలల డైరెక్టరూ అయిన హార్ట్‌విగ్‌కు సర్వహక్కులతో చెందాలి. షరతు ఒక్కటే. నా శవపేటికను సీజన్‌లో, ఉదయం పదకొండు గంటలకు, పార్కు బ్యాండు కచేరీ జరుగుతుండగా, పార్కు ముఖద్వారం గుండా, గెస్టులు నీళ్ళు తాగే మంటపం ముందు నుంచి, బెంచీల మధ్యగా తీసుకెళ్ళాలి. చలికాలంలో పోతే దహనం చేసి, మే నెలలో సీజన్ మొదలయ్యేదాకా బూడిదను ఉంచాలి. చట్టం ఒప్పుకోదంటే ఒప్పించుకో, డైరెక్టరువి కదా.

ఈ మాట చెప్పినప్పుడు వాడు తల పట్టుకున్నాడు. "అత్తయ్యా, ఉన్నదే నలభై మంది గెస్టులు. బీమావాళ్ళు చికిత్స రోజులు కోసేశాక ఆ మాత్రం రావడమే గొప్ప. వాళ్ళ ముందు శవాన్ని తిప్పితే మర్నాడు టిఫిన్‌కి ఎవరుంటారు చెప్పు?" అన్నాడు. ఎవరూ లేకపోతే నువ్వే కూర్చుని తిను. షరతు నెరవేర్చకపోతే ఇల్లు పక్కనున్న బాడ్ జుల్త్స్‌రోడె మునిసిపాలిటీకి పోతుంది. వాళ్ళ నీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసన కొట్టినా సరే, ఇల్లు వాళ్ళకే.

2. కారణం తెలియనట్టు నటించేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మా ఊరు ఒకప్పుడు ఉప్పు వండుకుని బతికింది. ఉప్పు కంటే, ఆ ఊట నీళ్ళలో మునగడానికీ తాగడానికీ వచ్చే రోగులు లాభమని ఎవరో పెద్దమనిషి కనిపెట్టాడు. అప్పటినుంచి ఈ ఊళ్ళో ఎవరూ చావలేదు. అందరూ నయమై ఇంటికెళ్ళారు. సీజన్‌లో చర్చిలో చావు గంట కొట్టకూడదు. శవబండి పార్కు దరిదాపుల్లోకి రాకూడదు. పోయినవాళ్ళు ఎవరైనా సరే, గెస్టులు నిద్ర లేవకముందే వెనకనున్న లాండ్రీ సందులోంచి వెళ్ళిపోవాలి.

1956 ఆగస్టు 14న, పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, మా ఆయన బాయిలర్ దగ్గర కుప్పకూలి చనిపోయారు. నలభై ఆరేళ్ళు. అప్పటి డైరెక్టరు మెట్లు దిగి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఓట్టీలియె, నువ్వు తెలివైనదానివి, పైన జనం ఉన్నారు," అన్నాడు. నేను తెలివైనదాన్నే. గెస్టుల కోసం వెచ్చబెట్టిన తువ్వాళ్ళే మా ఆయన మీద కప్పి, పైకి వెళ్ళి సాయంత్రం దాకా తువ్వాళ్ళు అందించాను. మర్నాడు తెల్లవారకముందే మురికి దుప్పట్ల బండిలో, పైన దుప్పట్లు పరిచి, ఆ సందు గుండా తోసుకెళ్ళారు. వెనక నేనొక్కదాన్నే నడిచాను. ఈ ఊరిని నేను క్షమించలేదు. నన్ను నేను కూడా క్షమించుకోలేదు.

3. నా మంచం కింద గుడ్డలో చుట్టిన ఇత్తడి పేరు పలక డాక్టర్ లోవెన్‌హార్ట్‌ది. చిన్నప్పుడు వాళ్ళింట్లో పనిచేశాను. నా మొదటి బూట్లు ఆయనే కొనిచ్చారు. 1938 నవంబరులో, యూదులన్న ఒక్క కారణానికి, ఆయన్నీ ఆయన భార్యనీ ఇదే సందులోంచి తీసుకుపోయారు. టిఫిన్ వేళకల్లా గోడకు కొత్త రంగు వేసి, పలక ఊడిన మచ్చ కూడా కనపడకుండా చేశారు. చెత్తలోంచి నేను ఏరుకొచ్చిన ఆ పలక ఊరి మ్యూజియానికి చెందాలి. ఊరి చరిత్ర గదిలో, ఉప్పు మూకుళ్ళ పక్కన కాదు, తలుపు తీయగానే కనపడేలా బిగించాలి.

4. పూల దుకాణం నోట్‌నాగెల్ కుటుంబానికి ఏమీ లేదు. మా ఆయన దండను పాత పేపర్లో చుట్టి, "కూరల సంచిలా పట్టుకెళ్ళమ్మా, ఎవరికీ కనపడకుండా," అన్నది వీళ్ళ తాతే. నా పేటిక మీదికి పూలు బాడ్ జుల్త్స్‌రోడె నుంచి తెప్పించండి.

5. నాతో ఇరవై ఏళ్ళు స్నానశాలలో పనిచేసిన త్సెంటాకు నా చెక్క చెప్పులు, ఉన్ని శాలువా ఇస్తున్నాను. తడి నేల మీద రోజూ జారేది. నా ప్లమ్ కేకు తయారీ విధానం దొంగిలించి తనదేనని ఊరంతా చెప్పుకుంది. అయినా మా ఆయన చనిపోయిన వారం నాకు తలదువ్వింది ఆమే. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఆమెదే. మొహమాటపడకు త్సెంటా.

6. నీలం రిబ్బనుతో కట్టిన పదకొండు ఉత్తరాలు, ఈ అంశం నకలుతో సహా, నా మరణానంతరం, బ్రేమెన్‌లోని జిల్కె టెందరింగ్‌కు చేరాలి. అవి ఆమె నాయనమ్మ రాసినవి. మా ఆయన పోయిన మర్నాడు, ఏటా స్నానాలకొచ్చే ఆ పెద్దావిడ తొట్టిలో చెయ్యి పెట్టి, "నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయేం, మీ ఆయన ఏరి?" అని అడిగింది. సెలవు మీద వెళ్ళారని చెప్పాను. నవ్వుతూ చెప్పాను. అప్పటినుంచి ప్రతి కొత్త సంవత్సరానికీ ఆయన క్షేమం అడుగుతూ ఉత్తరం రాసేది. నేను జవాబు రాసేదాన్ని. ఆ జవాబుల్లో ఆయనకు జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, మోకాలు పట్టేసింది. ఒక ఏడు తోటలో గులాబీలు కూడా వేశారు. మొదట సిగ్గుపడుతూ రాసేదాన్ని, తర్వాత జనవరి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. 1967లో ఆవిడ పోయింది. ఆ తర్వాత ఆయన గురించి అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

పోయిన వారం జిల్కె నుంచి ఉత్తరం వచ్చింది. నాయనమ్మ సామానులో నా జవాబులు దొరికాయట. సెప్టెంబరులో ఇక్కడికి వస్తానంది. "ఎమ్మెరిష్ తాతగారు ఇంకా ఉన్నారా? ఉంటే ఆయనకి బ్రేమెన్ కాఫీ తెస్తాను," అని రాసింది. అందుకే ఈ వీలునామా రాయడానికి కూర్చున్నాను. నిజం నా చావు తర్వాత చేరితే చాలనుకున్నాను.

ఇంతవరకూ రాసి చదువుకున్నాను. నన్ను పదకొండు గంటలకు అందరి ముందూ తీసుకెళ్ళమని హార్ట్‌విగ్ మీద విరుచుకుపడుతున్న నేనే, ఆయన చావును మళ్ళీ ఆ సందులోంచి పంపించబోయాను. అందువల్ల ఆరో అంశం ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. జిల్కెకు ఇప్పుడే రెండు వాక్యాలు రాసి, పార్కు ముఖద్వారం దగ్గరున్న పోస్టు డబ్బాలో నా చేత్తో వేసి వచ్చాను. ఎమ్మెరిష్ రోస్‌కోప్ఫ్ సెలవు మీద వెళ్ళలేదు. నువ్వు రా అమ్మాయీ, కాఫీ తీసుకునే రా, ఇద్దరం కలిసి ముఖద్వారం గుండా ఆయన సమాధి దగ్గరికి వెళ్దాం.

బాడ్ ఎల్లర్‌బ్రున్ పార్కు, మంటపం ఎదుటి బెంచీ మీద రాసినది. 1998 ఆగస్టు 14, పదకొండు గంటల ఇరవై నిమిషాలు.

(సంతకం) ఓట్టీలియె రోస్‌కోప్ఫ్

చేతిరాత వీలునామాకు మా చట్టంలో సాక్షులు అక్కర్లేదు. ఈ ఊళ్ళో ఇద్దరు చూడాలని నేనే పిలిచాను.

సాక్షులు:
డాక్టర్ ఐకె మెర్టెన్స్
బోడో ఫ్లెక్నర్, పార్కు బ్యాండులో ట్రంపెట్ వాయించే మనిషి. ఈ సంతకం కోసం కచేరీ మధ్యలో ఆపి వచ్చాడు.