బావ రక్తం, నా రక్తం

ఓల్డ్ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్.

అమ్మకు నమస్కారాలతో నీ సుజాత రాస్తున్నది. ఇక్కడ నేను, బావ, అత్త కులాసా. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నారా, దిండు కింద దాచేస్తున్నారా?

ముందే చెబుతున్నాను, కంగారు పడకు. నేను బాగున్నాను, కడుపులో బిడ్డ బాగుంది. ఇక చదువు.

ఇక్కడ సాయంత్రమైతే గాలివాన వచ్చి ఆరేసిన బట్టల్ని పక్క క్వార్టర్ల లైనుకి మోసుకుపోతోంది. ఆవనూనె వాసన కూడా అలవాటైపోయింది. డిగ్రీ చదివి ఊరికే కూర్చోలేక పక్కనున్న ట్రాఫిక్ కాలనీలో పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. మధ్యాహ్నాలే తోచదు. బావ రైల్వే వర్క్‌షాప్‌కి వెళ్ళాక మాట్లాడ్డానికి అత్త, గోడమీద బల్లి.

ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా నాకు రక్తం పెరగలేదు. మాది మేనరికమని వినగానే డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఇద్దరూ తలసేమియా పరీక్ష చేయించుకోవాలంది. ఆ పేరు నాకు తెలుసు. పక్క క్వార్టర్లో బెంగాలీ ఆవిడ, నేను బౌదీ అని, అంటే వదినా అని పిలుస్తాను, ఆవిడ కూతురికి అదే జబ్బు. నెలనెలా రక్తం ఎక్కించకపోతే లేచి నడవలేదు. తల్లికీ తండ్రికీ ఆ లోపం రక్తంలో దాగి ఉండి, బిడ్డ దగ్గర బయటపడింది. మా ఇద్దరికీ ఉంటే మా బిడ్డకీ రావచ్చు. అప్పుడు కలకత్తా వెళ్ళి, కడుపులో ఉండగానే బిడ్డకి పరీక్ష చేయించాలి.

క్రేన్ కింద నిలబడి పనిచేసే బావ సూది పేరు వినగానే మంచమెక్కాడు.

"మనిద్దరిదీ ఒకటే రగతం కదేటి! నీది సూస్తే నాది సూసినట్టే."

"అందుకే కదేటి బావా, ఇద్దరిదీ సూడమన్నాది!"

అత్త కొడుకు పక్షం. "మా పుట్టింటి పిల్లని తెచ్చుకున్నాను గానీ దారిన పోయే పిల్లని కాదు. మా ఇంట రోగాలు నేవు. సదువుకున్నదాన్ని సేసుకుంటే ఇదే గోల."

ఆ వారం బౌదీ వాళ్ళాయన డ్యూటీలో ఉండటంతో, పిల్లని రక్తం ఎక్కించడానికి ఆసుపత్రికి సైకిల్ మీద తీసుకెళ్ళే పని బావ మీద పడింది. మర్నాడు తనే చొక్కా చెయ్యి మడిచాడు. కళ్ళు మూసుకుని, నా వేళ్ళు నలిపేస్తూ అనుకో!

రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అందుకే ఇన్నాళ్ళూ నీకు రాయలేదు, కోప్పడకు.

నిన్న వచ్చింది. ఆ లోపం నాకు ఉంది, బావకి లేదు. బిడ్డకి జబ్బు రాదమ్మా! మహా అయితే నాకున్నట్టే దాగి ఉంటుంది, దానివల్ల ప్రమాదం లేదు. బావ కాలరెగరేసి లైనంతా తిరిగొచ్చాడు.

అత్త గొంతు కూడా లేచింది. "సూసినావేటి, నా కొడుకు సుబ్బరం! నీకది మీయమ్మ దగ్గిర్నించే ఒచ్చుంటాది."

"మా నాన్న దగ్గర్నించీ రావచ్చు. ఆయన నీ తమ్ముడే కదా అత్తా?"

"నా తమ్ముడికేటి, గుండ్రాయి!"

పెద్దకొడుక్కి రానంత మాత్రాన తల్లికి లేదని కాదు, చిన్నకొడుక్కి వచ్చి ఉండొచ్చు అన్నాను. అత్త నవ్వు ఆగిపోయింది. మన చెల్లి లలితని ఆ చిన్నకొడుక్కే కదా అనుకుంటున్నారు! నాకున్నట్టే దానికీ ఉండొచ్చు. పోట్లాటకి సిద్ధపడ్డాను. అత్త చాలాసేపు బియ్యంలో రాళ్ళేరి, చివరికి అంది:

"రాయి మీయమ్మకి. ఆలిద్దరికీ సూది పడేదాకా నాను పసుపు దంచను."

రాశాను. విశాఖలో ఈ పరీక్ష చేస్తారేమో కనుక్కో. నాన్నకు, నాయనమ్మకు నా దండాలు. లలితకు ముద్దులు. నా కాన్పు తేలిగ్గా జరగాలని దీవించు.

నీ కూతురు,
సుజాత