ఈసారి ఒబ్బట్లు

హోసూరు

అక్కకు తమ్ముడు మునిరాజు దండం పెట్టి రాస్తున్నాను. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, బావ, పాప, మన ఎర్రావు, దాని దూడ అందరూ బాగున్నారని తలుస్తాను. ఆవు కుంటు తగ్గిందా, నీ మోకాలి నొప్పి తగ్గిందా అని పోయినసారి బావను అడిగితే రెండింటికీ కలిపి "పరవాలేదు" అనేశాడు. ఎవరికి పరవాలేదో నువ్వే రాయి.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. ఫోను చేస్తే బావ స్పీకరు పెడతాడు, పాప మధ్యలో దూరుతుంది, నువ్వు "తింటివా" అని అడిగి ఏడుపు ఆపుకుంటావు, నేను "తింటిని" అని పెట్టేస్తాను. ఈసారి చెప్పాల్సింది అలా పెట్టేసేది కాదు. బడిలో మనకు తమిళమే చెప్పారు. తెలుగు అక్షరాలు నాకు పలక మీద దిద్దించింది నువ్వే కాబట్టి, ఇందులో తప్పులుంటే అవీ నీవే.

పని గురించి అడిగావు కదా. ఊరి బయట గులాబీ తోటలో కుదిరాను. తోటంటే మన మామిడి తోట లాంటిది కాదు. తెల్లటి ప్లాస్టిక్ కప్పు వేసిన పెద్ద పెద్ద కొట్టాలు. కోసే వాళ్లు వేరే. కోసిన వాటికి నేను కింది ఆకులు దూసి, కాడల పొడుగు చూసి కట్టలు కడతాను. గులాబీల మధ్య పనంటే పాప ఏదో అనుకుంటుంది గానీ, సాయంత్రానికి నా చేతులు చూస్తే పిల్లితో పోట్లాడి వచ్చినట్టుంటాయి. రాత్రి వేసుకునే మాత్రకు పొద్దున పూట కొంచెం మత్తుగా ఉంటుంది. సెల్వి అక్క మేస్త్రీతో ముందే మాట్లాడి పెట్టింది కాబట్టి నన్ను తెల్లవారుజాము పనికి పిలవరు. చలి మాత్రం చంపేస్తోంది. మన మత్తూరులో ఈ రోజుల్లో కూడా చొక్కా లేకుండా తిరిగేవాణ్ణి. ఇక్కడ నీళ్లు ముట్టుకోవాలంటే ముందు ధైర్యం చెప్పుకోవాలి. నువ్వు పంపిన కంబళి లేకపోతే నా పని అయిపోయేది.

సెల్వి అక్క ఎవరంటావా, మా ఇంటిని చూసుకునే ఆమె. బావ చెప్పే ఉంటాడు గానీ, ఆయన చెప్పేది ఎప్పుడూ సగమే కాబట్టి మళ్లీ చెబుతున్నాను. ఇది ఆసుపత్రి కాదు. మామూలు వీధిలో మామూలు ఇల్లు, మేడ మీద భాగం. ఒక సంస్థ వాళ్లు అద్దెకు తీసుకుని మాలాంటి నలుగురిని ఉంచారు. నలుగురం పనులకు పోతాం, వంతులేసుకుని వండుకుంటాం, ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకుంటాం. సెల్వి అక్క పొద్దున వచ్చి సాయంత్రం పోతుంది. తినేశాక ఎవరి మాత్ర వాళ్లు తీసుకుని అందరి ముందే మింగుతాం. ఊళ్లో లాగా ఎవరికీ దాచేది లేదు.

శనివారం సాయంత్రం మిద్దె మీద కూర్చుని ఆ వారం ఎవరికెలా గడిచిందో చెప్పుకుంటాం. చుట్టుపక్కల వీధుల్లో నాలాగే బాధపడినవాళ్లు, వాళ్ల అమ్మలు, భార్యలు కూడా వస్తారు. నాకు ఎవరూ లేకుండానే మాటలు వినబడిన సంగతి అక్కడే మొదటిసారి నోరు విప్పి చెప్పాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ బెదరలేదు. ఒక పెద్దాయన మాత్రం, "నీకు ఏ బాసలో వినబడినాయప్పా? నాకైతే కన్నడంలో" అని అడిగాడు. ఆ రోజు ఎన్నాళ్లకో కడుపునిండా నవ్వాను అక్కా.

కింద ఉండే ఇంటామె మొదట్లో మేము మెట్లు దిగుతుంటే మనవళ్లను లోపలికి పిలిచి తలుపు వేసుకునేది. ఇప్పుడు గ్యాసు బండ మోయాలన్నా, నీళ్ల మోటారు ఆగిపోయినా మేమే కావాలి. "మేడ మీది పిల్లోళ్లు" అంటుంది మమ్మల్ని. మాలో సంపంగి అని ఒకాయన ఉన్నాడు, సూళగిరి దగ్గర పల్లె. గడ్డం నెరిసింది, అయినా ఆమెకు పిల్లోడే. మంచివాడు. రాగి ముద్ద మాత్రం అతన్ని చెయ్యనివ్వకూడదు, అంత ఉండలు కడుతుంది.

ఆదివారమే నాకు కష్టం. అందరికీ ఎవరో ఒకరు వస్తారు. నాకు బావ నెలకొకసారి. నువ్వు ఎందుకు రావో నాకు తెలుసు. వస్తే ఏమైనా వండుకుని తేవాలనిపిస్తుంది. తెస్తే నేను తినను. అందుకే రావు.

ఇక ఈ మాట రాసేస్తాను. మన ఇంట్లో ఉన్న చివరి రోజుల్లో నేను నీ చేతి కూడు ముట్టలేదు. మజ్జిగ పోసిన సంగటిలో నాకు చేదు తగిలింది. నువ్వు విషం పెడుతున్నావని ఆ మాటలు చెప్పాయి. కంచం తోసేశాను. తర్వాత నువ్వు ఎంత బతిమాలినా తినలేదు. లేవలేని స్థితికి వచ్చాక బావ నన్ను కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి నుంచే ఈ ఇంటికి వచ్చాను.

మందులతో ఆ మాటలు పోయాయి. అవన్నీ జబ్బు వల్ల వినబడినవని డాక్టరు చెబితే నమ్మాను కూడా. కానీ ఒకటి లోపల మిగిలిపోయింది. మాటలు అబద్ధం, సరే. చేదు నిజంగానే తగిలింది కదా. అది ఏమిటని ఎవరినీ అడగలేకపోయాను. నీ మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు అక్కా. నీ చేతి ముద్ద తలుచుకుంటే మాత్రం ఆ చేదే గుర్తొచ్చేది.

నువ్వూ ఏమీ అడగలేదు. బావతో సంచి మాత్రం పంపుతూనే ఉన్నావు. టెంకాయలు, అరటిపండ్లు, చెనక్కాయలు, మన పక్కనున్న పోచంపల్లి సంతలో కొన్న అనపకాయలు. ఒకసారి ఉడికించిన గుడ్లు, పెంకుతో సహా. చాలాకాలం నాకు తట్టలేదు. ఒకరోజు అనపకాయలు ఒలుస్తుంటే తట్టింది. నువ్వు తొక్క ఉన్నవే పంపుతున్నావు. ఎవరూ లోపల ఏమీ కలపలేనివి చూసి చూసి పంపుతున్నావు. ఒలవడం ఆపేసి అక్కడే కూర్చుని ఏడ్చాను.

పోయిన ఆదివారం సంపంగి వాళ్లమ్మ వచ్చింది. సంపంగి కొన్నాళ్లుగా మాత్ర మానేశాడు. నిద్ర ముంచుకొస్తోంది, పని చెయ్యలేకపోతున్నానని అతని బాధ. ఆ ముసలామె గిన్నెలో అనపగింజల పితికిపప్పు పులుసు తెచ్చింది. వంట నా వంతు కాబట్టి నేను గోడవారగా ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. ఆమె కొంగుముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీసి సెల్వి అక్క చేతిలో పెట్టబోయింది. అందులో తెల్లటి పొడి.

"చెప్తే మింగడు తల్లీ. ఈ పులుసులో కలిపితే తెలీకుండా తినేస్తాడు. నేనేమన్నా ఇషం పెడతానా, కన్నదాన్ని" అంది.

సెల్వి అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. ఈ ఇంట్లో చెప్పకుండా ఎవరి కంచంలోనూ ఏమీ కలపం. వాడికే చెప్పండి. కోపం చేసుకుంటే చేసుకోనీ" అంది.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. నాలుక మీద ఆ పాత చేదు మళ్లీ వచ్చింది. అప్పట్లో బావ డాక్టరును అడిగి తెచ్చిన మాత్రలను నేను పేడదిబ్బలో పారేసేవాణ్ణి కదా. నువ్వు ఊరికే ఉండి ఉండవు. ఇంకో అట్ట తెప్పించి, నూరి, నా మజ్జిగలో కలిపి ఉంటావు. అది మాత్రే కదా అక్కా? నేను తింటే బాగవుతానని చేసి ఉంటావు. తర్వాత నిజం చెబితే ఇంకా దూరమైపోతానని నోరు మూసుకుని ఉంటావు.

ఆ ముసలామె పక్కన కూర్చుని చెప్పాను. "అమ్మా, మా అక్క గూడా ఇట్లే చేసినట్టుంది. నాకు చేదు తగిలింది. ఆపొద్దు నుంచి ఆమె చేతి కూడు నేను తినలేదు."

ఆమె నా వైపు తిరిగింది. "మరి ఆయమ్మ ఏం చేస్తా ఉందప్పా?" అని అడిగింది.

"తొక్క ఉండేవి పంపిస్తా ఉంది" అన్నాను.

ఆమె లేచింది. పొట్లం సెల్వి అక్కకు ఇచ్చేసి, లోపలికి పోయి కొడుకుతో ఉన్నదున్నట్టు చెప్పింది. సంపంగి అరిచాడు. మిద్దె ఎక్కి కూర్చున్నాడు, పులుసు ఆరిపోయేదాకా దిగలేదు. దిగి వచ్చి, "పొద్దున లేవలేకుండా ఉండానమ్మా, దానికేమన్నా చెయ్యండి, మింగుతా" అన్నాడు. మర్నాడు సెల్వి అక్క అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మందు మార్చారు. ఇప్పుడు మాతోనే కూర్చుని తన మాత్ర తనే వేసుకుంటున్నాడు. ముద్ద మాత్రం ఇంకా అంతే.

అప్పటినుంచి ఈ ఉత్తరం మనసులో రాసుకుంటున్నాను. నీ మీద నాకు కోపం లేదు. ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం ఉంది. చెబితే ఆ రోజుల్లో నేను వినేవాణ్ణా? వినేవాణ్ణి కాదేమో. నువ్వు అందుకు కుమిలిపోవద్దు. మోకాళ్ల మీద కూర్చుని అందరి దేవుళ్లకూ మొక్కుకోవద్దు, అసలే నొప్పి.

ఈసారి బావతో నువ్వు కూడా రా. శనివారమే వస్తే మిద్దె మీద మా వాళ్లందరినీ చూపిస్తాను, కన్నడం పెద్దాయనతో సహా. పాపకు గులాబీలు ఇస్తాను, ముళ్లు తీసేసి. టెంకాయలు, చెనక్కాయలు మొయ్యవద్దు, అవి ఇక్కడా దొరుకుతాయి. నువ్వు చేసే ఒబ్బట్లు తీసుకురా, నెయ్యి దండిగా రాసి. మాత్ర నేనే వేసుకుంటున్నాను కాబట్టి ఆ పని నీకు వద్దు. పూర్ణంలో ఏమేం వేశావని నేను అడగను. పైన అడిగిన మాటకు జవాబు రాసినా సరే, రాయకపోయినా సరే, ఒబ్బట్లు మాత్రం తే.

బావకు నమస్కారాలు. పాపకు ముద్దులు. వీధిలో పెద్దవాళ్లు అడిగితే బాగున్నాననే చెప్పు. నన్ను దీవించు.

నీ చేతి కూడు తినే తమ్ముడు,
మునిరాజు