నేను లేపకుండా లేచిండు

శీనూ, నా బంగారు కొడుకా,

నువ్వు పోయాక పుట్టిన నీ మేనల్లుడు బిట్టుకి నాలుగేళ్లొచ్చినా మాటలు సరిగ్గా రావడం లేదని ఇవాళ టేకులపల్లి నుంచి కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయాం. నీ కండరాల జబ్బు సంగతి చెప్పగానే డాక్టరమ్మ వాణ్ని కింద కూర్చోబెట్టి, లేవమంది. నువ్వూ ఆ వయసులో మోకాళ్ల మీద చేతులూని లేచేవాడివి. మళ్లీ అదే చూడాల్సొస్తుందని ఇన్నాళ్లూ వాడు లేవబోతే నేనే ఎత్తేవాణ్ని. అక్కడా ఎత్తడానికి వంగాను.

"తాతా, ముట్టకు! గట్ల ఎత్తితే నాకేం తెలుస్తది?" అని డాక్టరమ్మ కసిరింది.

వాడు ఎక్కడా చెయ్యి ఆనించకుండా లేచి ఉరికాడురా! సంతోషం పట్టలేక అందరి ముందే ఏడ్చేశాను.

కానీ నీ జబ్బు వాడికీ ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష ఫలితం ఇంకా రాలేదు. అందుకే ఇంటికొచ్చాక కూడా వాణ్ని కూర్చోబెట్టి చూస్తూనే ఉన్నాను.

"ఏంది నాయినా, పిల్లగాణ్ని ఎన్నిసార్లు కూసోబెడతవ్?" అని నీ చెల్లె తిట్టింది.

చేతులు వెనక్కి కట్టుకుని, ఇంకొక్కసారి కూర్చోమన్నాను.