పతకాలు పంచిన గజ ఈతగత్తె

అందరూ మొసలమ్మ అని పిలిచే నేను, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా మతి చలించలేదని డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. మోకాళ్ళ సంగతి అందులో రాయొద్దని నేనే బతిమాలాను. ఇదివరకు రాసినవన్నీ రద్దు. అమలు బాధ్యత వకీలైన నా మేనకోడలిది.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, సామానుతో సహా, నా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో చెందాలి. ఆమెకు ఈత రాదు. తల్లీ, నీళ్ళంటే నీకు భయమని నేనెన్నడూ చిన్నబోలేదు. నీ మొండితనం మాత్రం అచ్చం నాదే.

2. బంగారు పతకం ఒక్కటి తప్ప మిగతా పతకాలన్నీ మా చెల్లికి. మా అమ్మ ఈతకొలనులో తువ్వాళ్ళు ఉతికేది. అప్పట్లో ఆడవాళ్ళను వారానికి ఒక్క గంటే నీళ్ళలోకి దిగనిచ్చేవారు. "అక్కా, నీ వంతు కూడా నేను పిండుతాలే, నువ్వు దూకు" అని తరిమేది చెల్లి. దాని చేతులు ఒరుసుకుపోయాయి, నేను ఛాంపియన్నయ్యాను. ఒసేయ్, వాటిని పెట్టెలో దాచకు. గోడకు తగిలించు.

3. 1954లో ఎనిమిది వందల మీటర్ల పోటీలో గెలిచిన ఆ బంగారు పతకం, నా ప్రత్యర్థి పొడుగమ్మకు. అప్పటికి నేను ప్రసవించి ఎనిమిది నెలలు. ఈత సంఘం కార్యదర్శి నా దరఖాస్తును సొరుగులో పడేసి, "పిల్లతల్లివి, ఇంటిపట్టున ఉండమ్మా" అన్నాడు. నేను లేకపోతే పొడుగమ్మకు ఎదురే లేదు. అయినా ఆవిడ తిన్నగా అతని గదిలోకి వెళ్ళి, "ఆమె దిగకపోతే నేనూ దిగను. ఖాళీ నీళ్ళకు ఇచ్చుకోండి మీ పతకం" అంది. దరఖాస్తు సొరుగులోంచి బయటికొచ్చింది.

పోటీరోజు బట్టలు మార్చుకునే గదిలో బిడ్డకు పాలిచ్చి, చెల్లి చేతికిచ్చి దూకాను. కొలను ఈ చివర నుంచి ఆ చివరకు పదహారు పొడవులు. చివరి పొడవులో మా ఇద్దరి భుజాలూ ఒక్క వరసలో ఉన్నాయి. ఊపిరి కూడా తీసుకోకుండా బారలు వేసి, బెత్తెడు ముందు గోడ తాకాను. నేను పెట్టిన రికార్డు పదకొండేళ్ళు చెక్కుచెదరలేదు. పొడుగమ్మ మా వరసల మధ్య కట్టిన తాడు కిందుగా ఈదుకొచ్చి, "నన్ను ఓడించడానికి నేనే నిన్ను పిలుచుకొచ్చానే తల్లీ!" అని నన్ను వాటేసుకుని పగలబడి నవ్వింది. ఈ పతకం దయతో ఇస్తున్నది కాదు. ఒళ్ళు హూనం చేసుకుని గెలుచుకున్నాను కాబట్టి, ఇచ్చే హక్కు నాకుంది.

4. సొరుగు మడతలు ఇంకా పోని ఆ దరఖాస్తుకు అద్దం కట్టించాను. అది ఈత సంఘానికి చెందాలి. కార్యదర్శి కుర్చీకి సరిగ్గా ఎదురుగా తగిలించాలి. వద్దంటే ఆడవాళ్ళ గదిలో పెట్టండి, అక్కడ చదివేవాళ్ళు ఎక్కువ.

5. నా ఈల, నా తర్వాత ఆడపిల్లలకు ఈత నేర్పుతున్న నా మొదటి శిష్యురాలికి. ముప్ఫై ఏళ్ళు దాన్ని ఊది ఊది నాకు తెలిసిందొక్కటే. తక్కువ ఊదు, ఎక్కువ చూడు.

6. నేను పోయిన రోజు కొలను మూయకూడదు. మౌనం అసలే పాటించకూడదు. పిల్లలు ఎప్పటిలాగే దూకాలి, అరవాలి, గట్టున కూర్చున్నవాళ్ళ బట్టలు తడపాలి.

ఈ ఉదయం రెండు పొడవులు ఈది వచ్చి, తడి జుట్టుతోనే సంతకం చేస్తున్నాను. కాగితం మీద పడిన చుక్కలు కన్నీళ్ళని ఎవరూ పొరబడవద్దు.

తేదీ: 14 ఆగస్టు 2010, శనివారం

(సంతకం) మొసలమ్మ

సాక్షులు:
1. ఈతకొలను మోటారు మెకానిక్ (సంతకం)
2. పై అంతస్తు పళ్ళ డాక్టరు (సంతకం)