కాలి పక్కన మొద్దు

తిరుపతి, శుక్రవారం

మా ఆవిడ సరళ తన రాతిబొమ్మను ఈరోజే చూసింది. బస్సు ప్రమాదం తర్వాత ఆమె కుడికాలి మీదే బరువంతా మోపి నిలబడుతుంది. అట్లాగే చెక్కాను.

"నా కుంటికాలు ఊరందరికీ చూపించాలనా?" అంది.

గ్రీకు శిల్పులు మొదట్లో రెండు కాళ్ల మీదా బిగుసుకుని నిలబడ్డ బొమ్మలే చెక్కారని, బరువు ఒక కాలి మీదికి మార్చాకే రాయికి ప్రాణమొచ్చిందని చెప్పాను.

"మరి కుడికాలి పక్కన ఆ మొద్దేంది?"

"ఇది గోడకు ఆనని బొమ్మ. ఆసరా లేకుంటే చీలమండ విరిగిపోతాది. వాళ్లూ ఇట్లా చెట్టుమొద్దు చెక్కేవాళ్లు."

ఫోటో తీస్తుంటే చేతికర్ర వెనక్కి దాచుకునే మనిషి, "చెట్టెందుకయ్యా ఈడ? నా కర్రనే చెక్కు" అంది.

అంత సన్నటి రాయి బరువు ఆపుతుందో లేదో... మొద్దు మీద కర్రకు గీత మాత్రం గీశాను.