తుడిచిన మూకుడు

చెల్లీ, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ముందు ఈ మాట చదివి, తర్వాత మిగతాది చదువు.

మనవడికి పల్లీలు పడవని, పొరపాటున తింటే గొంతు వాచి ఊపిరాడదని నీకు తెలుసుగా. అమ్మాయి వాటిని గడప తొక్కనివ్వదు. నిన్న పొద్దున ఎవరూ లేనప్పుడు, జిహ్వ చంపుకోలేక, కొంగున దాచి తెచ్చుకున్న పల్లీలు గుప్పెడు వేయించుకు తిన్నాను. కడిగితే కమ్మదనం పోతుందని అమ్మ నేర్పిన అలవాటే కదా, మూకుడు గుడ్డతో తుడిచి పెట్టేశాను.

సాయంత్రం అమ్మాయి ఆపిల్ ముక్కలు తరిగి ట్రేలో పరిచింది. పైన చల్లే ఓట్స్ నేనే వెన్నలో వేయించి ఇచ్చాను. ఓవెన్‌లోంచి ట్రే తీసి తెస్తుంటే, చెంచా పట్టుకుని ఎదురుచూస్తున్న వాణ్ణి చూశాక తట్టింది, వేయించింది అదే మూకుడులోనని! కావాలనే ట్రే వదిలేశాను. కిందపడ్డ ముక్క ఏరుకోబోతే వాడి చెయ్యి లాగేశాను.

"ఏమైందమ్మా?" అంది అమ్మాయి.

"చెయ్యి వణికిందే," అన్నాను.

ఇక పొయ్యి దగ్గరికి రావద్దంది. నిజం తెలిస్తే పిల్లాణ్ణి నా ఒళ్ళోకే రానివ్వదేమో. మూకుడు నా మంచం కింద దాచాను. వాడు దగ్గితే చాలు, ఉలిక్కిపడుతున్నాను. ఈ పూట చెప్పేస్తాను, తప్పదు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వంటింటి కొళాయి బాగుచేయించావా? ఇక్కడికి వచ్చేటప్పుడు పల్లీ పొట్టు కూడా లేకుండా నీ సంచి దులిపి మరీ తీసుకురా. మరిదిగారిని అడిగానని చెప్పు, పిల్లలకు నా దీవెనలు.

చెయ్యి వణికిందన్నది నిన్న అబద్ధమే. ఇప్పుడు ఈ అక్షరాలు చూడు.

మీ అక్క