మడతపెట్టిన పట్టుచీర

ఇబ్రహీంపట్నం,
12-7-2007

సింధూ తల్లీ,

ఆస్పత్రి నుంచి వస్తూనే రాస్తున్నాను. నా ఎముకల బలం తగ్గలేదట, పైగా రవ్వంత పెరిగిందట!

ముట్లుడిగి, మణికట్టు విరిగాక, పట్టుచీరలా వాడకుండా దాచుకుంటే ఎముకలు నిలుస్తాయనుకుని మంచం దిగలేదు కదా. పక్కింటి అనంతమ్మ ఊరుకుందా? "మడత మీదనే ఉంచితే పట్టుచీర గూడ చినుగుతది వదినా, జర లెవ్వు!" అంది. ఏడాదిగా రోజూ పొద్దున్నే బరువు కోసం చెరి రెండు నీళ్ల సీసాలు పట్టుకుని వెంచరు రోడ్ల మీద నడుస్తున్నాం. ప్లాట్లు కొనేవాళ్లమనుకుని ఏజెంట్లు వెంటపడుతున్నారు!

మొన్న నీ పాపను నా చేతికిచ్చినా, జారుతుందేమోనని నీ చెయ్యి కిందే ఉంచావు. చూశానులే.

ఆదివారం వచ్చినప్పుడు గుమ్మంలోనే పాపను నా చేతికిచ్చి, నువ్వు తీరిగ్గా చెప్పులు విప్పుకో.

అమ్మ